రాని లెక్కను సున్నా అనుకోకు

అల్లుడా, నువ్వు పంపిన వీడియో చూశాను. హాస్టల్ బల్ల మీద రెండు ఈఎస్‌పీ32 బోర్డులు, మధ్యన జానెడు దూరం. బకెట్లో నీళ్ళు తగ్గగానే ఒక బోర్డు పసిగట్టి రెండోదానికి చెప్పడం, అది రిలేను టక్కున పడేయడం, నీ దోస్తులు ఈలలు వేయడం, అంతా ముచ్చటగా ఉంది. సంక్రాంతి సెలవులకు చిట్యాల వచ్చినప్పుడు దాన్ని ఉరుమడ్ల దారిలో మీ బత్తాయి తోటలో, ఒక బోర్డు నీళ్ళ తొట్టి దగ్గర, రెండోది మోటారు స్టార్టర్ దగ్గర బిగిస్తానని అక్కతో అన్నావట. బిగించు, కాదనను. కానీ టెలిఫోన్ల శాఖలో ఉద్యోగమంతా ఒకచోటి కబురు ఇంకోచోటికి చేర్చడంలోనే గడిపినవాణ్ణి. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే నాలుగు మాటలు చెవిన వేసుకో.

బల్ల మీద ఒక కబురు తప్పితే పోయేదేమీ లేదు. తోటలో పోయేది మోటారు. బోరులో నీళ్ళు లేకుండా సబ్‌మెర్సిబుల్ ఉత్తగా తిరిగిందంటే వైండింగ్ మాడుతుంది. పైపులన్నీ పైకి లాగాలి, మెకానిక్ దగ్గర వంతు కోసం కాచుకోవాలి, మళ్ళీ దింపాలి. ఎండలు ముదిరి, పిందె చెట్టు మీద ఉన్నప్పుడు ఇది జరిగితే బత్తాయి ఊరుకోదు, రాల్చేస్తుంది. మన నల్లగొండ జిల్లాలో బత్తాయి పెట్టిన ఏ రైతునడిగినా ఈ సంగతి చెబుతాడు. ఆ బరువంతా ఇప్పుడు నీ చిన్న బోర్డు మీద పెడుతున్నావు.

నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే. లెక్క ఎలా పంపాలో నువ్వు బాగా ఆలోచించావు. లెక్క రాకపోతే అవతలి బోర్డు ఏం చేయాలో ఆలోచించలేదు. నీ ప్రోగ్రాం మొత్తం చదివాను, ఆ ప్రశ్నకు అందులో ఎక్కడా జవాబు లేదు. వైఫై మీద కబురు తప్పడం ఎప్పుడో జరిగే ప్రమాదం కాదు, రోజూ జరిగేదే. అలా తప్పుతుందని ముందే ఒప్పుకుని రాసిన ప్రోగ్రామే తోటలో నిలబడుతుంది.

ఆటోస్టార్టర్ల ముచ్చట నీకు లీలగా గుర్తుండొచ్చు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, కరెంటోళ్ళు ఊరూరా తిరిగి ఆటోస్టార్టర్లు తీసేయండని రైతులను బతిమాలారు. అంతకుముందు రాత్రిపూట ఎప్పుడో వచ్చే కరెంటు కోసం చీకట్లో, పురుగూ పుట్రా మధ్య బాయికాడికి పోలేక పెట్టుకున్న వస్తువు అది. తప్పు పట్టలేం. కానీ దానికి తెలిసింది ఒక్కటే: మూడు ఫేజులు వచ్చాయి. తొట్టి నిండిందో, పొలానికి నీళ్ళు కావాలో వద్దో, బోరులో ఊట ఉందో లేదో దానికి తెలియదు. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. అవసరం ఉన్నా లేకున్నా భూమిలో నీళ్ళు పైకి పోయేవి.

నీది దానికంటే తెలివైనదే, నిజం. అయితే ఆ తెలివంతా తొట్టి దగ్గర నుంచి వచ్చే ఒక్క అంకెలో ఉంది. ఆ అంకె ఆగిపోయిన మరుక్షణం నీది కూడా పాత ఆటోస్టార్టరే. చివరగా విన్న మాటనే పట్టుకుని మోటారును తిప్పుతూ కూర్చుంటుంది.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. నీళ్ళు తగిలినా చెడని అల్ట్రాసోనిక్ సెన్సర్ తెచ్చావు కదా, ఆ జేఎస్‌ఎన్ రకం. దాని ప్రతిధ్వనిని పల్స్‌ఇన్‌తో కొలుస్తున్నావు. గడువులోగా ప్రతిధ్వని తిరిగి రాకపోతే పల్స్‌ఇన్ ఇచ్చే జవాబు సున్నా. నీ ప్రోగ్రాం ఆ సున్నాను దూరం అనుకుని, తొట్టి లోతులోంచి తీసేసి, తొట్టి అంచుదాకా నిండిందని అవతలికి చెబుతుంది. వైరు ఊడినా నిండిందనే చెబుతుంది, సెన్సర్ మూతి మీద సాలీడు గూడు పెట్టినా నిండిందనే చెబుతుంది. మోటారు ఆగిపోతుంది, చెట్లు ఎండిపోతాయి, నీ స్క్రీన్ మీద మాత్రం అంతా పచ్చగా ఉంటుంది. పైగా ఆ సెన్సర్‌కు దాదాపు పాతిక సెంటీమీటర్ల లోపు ఏముందో సరిగా కనబడదు. తొట్టి అంచుకు ఆనించి కాకుండా, నిండు మట్టానికి అంతకంటే ఎత్తులో చిన్న కమ్మీ వేసి బిగించు.

ఒక్కో సెన్సర్‌ది ఒక్కో తీరు. ఉష్ణోగ్రత చూసే డీఎస్18బీ20 వైరు ఊడితే లైబ్రరీ మైనస్ 127 అని చెబుతుంది. అప్పుడే కరెంటు వచ్చి ఇంకా కొలవకముందే అడిగితే 85 అంటుంది. మైనస్ 127 చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది గానీ, 85 చూసి నమ్మేవాళ్ళు ఉన్నారు. అందుకని అంకెతో పాటు అది నమ్మదగినదేనా అన్న గుర్తు కూడా పంపు. కొలత కుదరకపోతే కుదరలేదనే పంపు, దాని స్థానంలో ఏదో ఒక అంకె పెట్టకు. వాన పడలేదనడం వేరు, వాన లెక్క రాలేదనడం వేరు.

పెద్దవాళ్ళకూ ఈ తగవు తప్పలేదులే. రాష్ట్ర విభజన చట్టం కింద 2014లో ఏర్పడ్డ కృష్ణా నది యాజమాన్య బోర్డు, ఎవరు ఎన్ని నీళ్ళు తీసుకుంటున్నారో తేల్చడానికి టెలిమెట్రీ పెట్టించింది. అంకెలు వచ్చాయి. ఆ అంకెలను నమ్మాలా వద్దా అన్న వాదన మాత్రం రెండు రాష్ట్రాల మధ్య ఏళ్ళ తరబడి నడిచింది. సెన్సర్ పెట్టగానే లెక్క తెగుతుందనుకోవడం అమాయకత్వం.

ఇక కబురులో ఏం ఉండాలి. నువ్వు మట్టమైతే పంపుతున్నావు. దానికి ఒక వరుస సంఖ్య జోడించు. ఒకటి, రెండు, మూడు అని పెరుగుతూ పోవాలి. అప్పుడే మధ్యలో ఏది తప్పిందో, ఏది రెండుసార్లు వచ్చిందో అవతలి బోర్డుకు తెలుస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. కరెంటు పోయి వస్తే తొట్టి బోర్డు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. అప్పటికే నాలుగువేల దాకా విన్న అవతలి బోర్డు, ఇవన్నీ పాత కబుర్లని ఒక్కటీ తీసుకోదు. అందుకని బోర్డు లేచిన ప్రతిసారీ ఒక కొత్త గుర్తు సంఖ్యను పుట్టించి వరుస సంఖ్యతో పాటు పంపించు. గుర్తు మారితే వరుస మళ్ళీ మొదలైందని అర్థం.

మట్టాన్ని మీటర్లలో దశాంశాలతో కాకుండా మిల్లీమీటర్లలో పూర్ణాంకంగా పంపు. మీ ల్యాబులోని పాత ఊనో బోర్డును కూడా కలుపుతానన్నావు. ఊనోలో ఇంట్ అంటే 2 బైట్లు, ఈఎస్‌పీలో 4. ఊనోలో డబుల్ 4 బైట్లు, ఈఎస్‌పీలో 8. ఒకచోట కట్టిన స్ట్రక్చర్‌ను ఇంకోచోట అలాగే విప్పితే పిచ్చి అంకెలు వస్తాయి, తప్పు వైఫైదనుకుని నువ్వు యాంటెన్నా మారుస్తూ కూర్చుంటావు. ఎన్ని బిట్లో పేరులోనే ఉండే రకాలు వాడు, మధ్యలో ఖాళీ బైట్లు చొరబడకుండా ప్యాక్ చేయి, మొదటి బైటులో వెర్షన్ నెంబరు పెట్టు. వచ్చే ఏడు ఇంకో సెన్సర్ కలిపినప్పుడు ఆ ఒక్క బైటు నిన్ను కాపాడుతుంది.

మా కాలంలో తంతి ఉండేది. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయింది, నువ్వు చూసి ఉండవు. టెలిగ్రాంలో ఎన్ని పదాలున్నాయో ఆ సంఖ్యను కూడా పంపేవాళ్ళు. అందుకున్నవాడు పదాలు లెక్కపెట్టి, సరిపోలకపోతే మళ్ళీ పంపమనేవాడు. నీ వైఫైలో ఆ పని రేడియోనే చేస్తుంది. ప్రతి ఫ్రేము చివర 32 బిట్ల సరిచూపు ఉంటుంది, చెడిన ఫ్రేమును అది అవతల పారేస్తుంది. కనుక గాలిలో అంకె మారిపోతుందన్న భయం పెద్దగా అక్కర్లేదు. అయితే ఊనో నుంచి ఈఎస్‌పీకి సీరియల్ వైరు వేస్తే, అక్కడ ఆ కాపలా లేదు. స్టార్టర్ కాంటాక్టర్ కొట్టుకున్నప్పుడల్లా ఆ వైరులో చెత్త పుడుతుంది. సీఆర్‌సీ అనే సరిచూపు అక్కడ పెట్టు.

ఈఎస్‌పీ-నౌ ఎంచుకున్నావు, మంచిదే. రూటర్ అవసరం లేదు, మొదటి వెర్షన్‌లో ఒక్కో కబురు 250 బైట్లు దాటకూడదు, నీకు ఇరవై చాలు. పంపగానే 'సక్సెస్' అని వస్తోందని మురిసిపోతున్నావు. ఆ మాట చెప్పేది అవతలి బోర్డులోని రేడియో, నీ ప్రోగ్రాం కాదు. ఫ్రేము చేరిందని రేడియో రసీదు ఇస్తుంది. ఆ తర్వాత ప్రోగ్రాం దాన్ని చదివిందా, వేరే పనిలో పడి వదిలేసిందా అన్నది దానికి పట్టదు. అందరికీ వినబడేలా బ్రాడ్‌కాస్ట్ చేస్తే ఆ పాటి రసీదు కూడా ఉండదు. ఈ చిప్పు తయారుచేసే ఎస్‌ప్రెస్సిఫ్ వాళ్ళే తమ పత్రాల్లో చెబుతారు: నీ ప్రోగ్రాం స్థాయిలో నీ జవాబు నువ్వే పెట్టుకో, గడువులో జవాబు రాకపోతే మళ్ళీ పంపు, డూప్లికేట్లు ఏరేయడానికి వరుస సంఖ్య వాడు అని. ఇంకో మాట. కబురు అందుకునే కాల్‌బ్యాక్‌లో ఎక్కువ పని పెట్టకు. క్యూలో వేసి బయటికి రా, రిలే సంగతి మెయిన్ లూపులో చూసుకో.

మళ్ళీ పంపడంలో ఒక మర్యాద ఉంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపింది. దాని పేరు అలోహానెట్. ఎవరికి కబురుంటే వాళ్ళు పంపేస్తారు. రసీదు రాకపోతే ఇంకొకరి కబురుతో గుద్దుకుందని అనుకుని, కాసేపు ఆగి మళ్ళీ పంపుతారు. ఆ 'కాసేపు' అందరికీ ఒకటే అయితే మళ్ళీ అందరూ ఒకేసారి పంపి మళ్ళీ గుద్దుకుంటారు. అందుకని ఎవరికి వాళ్ళు ఇష్టమొచ్చినంతసేపు ఆగేలా పెట్టారు. ఇంత చేసినా ఆ పద్ధతిలో దారి వాడకం అత్యధికంగా సుమారు 18 శాతమేనని లెక్క. నీకు ఇదెందుకంటే, మన దగ్గర లైను ట్రిప్పై కరెంటు తిరిగి వచ్చినప్పుడు తోటలోని బోర్డులన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. అన్నీ లేచిన రెండో సెకనులోనే మాట్లాడబోతాయి. లేవగానే ఒక్కో బోర్డు ఒక్కోలా ఆగేటట్టు రాయి. తిరిగి పంపేటప్పుడు ప్రతిసారీ ఆగే సమయం పెంచు. మూడు నాలుగు సార్లకు కుదరకపోతే ఆ పాత కబురును వదిలేసి కొత్త మట్టం పంపు. నిమిషం కిందటి నీటిమట్టాన్ని పట్టుకుని వేలాడితే వచ్చేదేమీ లేదు.

ఇప్పుడు అసలు చోటుకొచ్చాం. తొట్టి బోర్డు నుంచి స్టార్టర్ బోర్డుకు మట్టంతో పాటు 'మోటారు మార్చు' అని కూడా పంపుతున్నావు. ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్. ఇది వెంటనే తీసేయి. కబురు చేరి, రసీదు దారిలో పోయిందనుకో. తొట్టి బోర్డు అదే కబురు మళ్ళీ పంపుతుంది. మోటారు ఆన్ అయి, మరుక్షణం ఆఫ్ అవుతుంది. డైరెక్టుగా స్టార్టయ్యే మోటారు లేచేటప్పుడు మామూలుకు ఐదారు రెట్లు కరెంటు తాగుతుంది. ఇలా రెండు మూడుసార్లు కొట్టుకుంటే చాలు, మోటారుకు చేటే. మార్చు అని కాక, మట్టం ఇంత అని మాత్రమే పంపు. అదే అంకె పదిసార్లు విన్నా నష్టం లేదు. ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు ఆపాలో మోటారు పక్కనున్న బోర్డే తేల్చుకోవాలి. పెట్టే మట్టానికీ ఆపే మట్టానికీ మధ్య బాగా ఎడం ఉంచు. ఒకసారి ఆపాక ఐదు నిమిషాల దాకా మళ్ళీ పెట్టకుండా కట్టడి చేయి.

ఆ బోర్డుకు గడియారం కూడా ఇవ్వు. తొట్టి బోర్డు ఐదు సెకన్లకోసారి చెబుతుందనుకుందాం. ముప్పై సెకన్ల పాటు కొత్త వరుస సంఖ్యతో ఏ కబురూ రాకపోతే, చివరి అంకె ఎంత ముద్దుగా ఉన్నా సరే, అది చెల్లదు. మోటారు ఆపు, ఎర్ర లైటు వెలిగించు. మోటారు నడిచే అనుమతి ముప్పై సెకన్లకే అన్నమాట, ప్రతి కబురూ దాన్ని పొడిగిస్తుంది. ఈ ముప్పై ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి నువ్వు. తొట్టి పైన మిగిలే జానెడు ఖాళీ నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో బావను, అదే మీ నాన్నను, అడుగు. గడువు అందులో సగం కూడా ఉండకూడదు. నాలుగైదు కబుర్లు వరుసగా తప్పినా మోటారు ఆగనంత పెద్దదిగానూ ఉండాలి. ఈ రెంటి మధ్యే ఉంది నీ అంకె, పుస్తకంలో దొరకదు.

కబురు ఆగితే మోటారు ఆపమన్నాను గదా అని ప్రతిచోటా ఆపేస్తే కొంప మునుగుతుంది. మీ దోస్తు ఒకడు కోళ్ళ షెడ్డుకు ఇదే పెడతానన్నాడట. మే నెలలో ఉష్ణోగ్రత లెక్క రాలేదని ఫ్యాన్లు ఆపితే తెల్లారేసరికి షెడ్డులో కోడి మిగలదు. అక్కడ కబురు ఆగితే ఫ్యాన్లు తిరగాలి. తొట్టికి ఆగడం క్షేమం, షెడ్డుకు తిరగడం క్షేమం. ఏది క్షేమమో ప్రోగ్రాం రాసేవాడు కాదు, రైతు చెప్పాలి.

అలాగే వైఫైకి అప్పగించకూడని పనులు కొన్ని ఉన్నాయి. బోరు ఎండిన సంగతి తొట్టి బోర్డుకు తెలియదు. ఊట తగ్గితే మోటారు లాగే కరెంటు పడిపోతుంది. దాన్ని స్టార్టర్ దగ్గరే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో కొలిచి అక్కడికక్కడే ఆపాలి. ఓవర్‌లోడ్ రిలే ఉన్నచోటే ఉండాలి. తొట్టిలో ఫ్లోట్ స్విచ్చు కూడా ఉంచమంటాను, అది పాతకాలపుదని నువ్వు నవ్వినా సరే.

'రూటర్ ద్వారా పంపితే టీసీపీ ఉంటుంది కదా మామా, అది పోనివ్వదు' అంటావు. బంధం ఉన్నంతసేపు పోనివ్వదు, వరుస తప్పనివ్వదు, నిజమే. అవతలి బోర్డుకు ఠక్కున కరెంటు పోతే మాత్రం ఇవతలి వైపు బంధం ఇంకా ఉన్నట్టే నిమిషాల తరబడి కనబడొచ్చు. ఎమ్‌క్యూటీటీ సంగతి కూడా చెబుతాను. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు పైపులైన్ల లెక్కలను ఉపగ్రహం మీదుగా తెప్పించడానికి దాన్ని తయారుచేశారు. అప్పట్లో ఉపగ్రహం లైను ఖరీదు, నమ్మకం తక్కువ. మన తోటకు పనికొచ్చే పుట్టుకే దానిది. అందులో పంపేవాడు నిశ్శబ్దంగా పోతే మధ్యన ఉండే బ్రోకరే అందరికీ 'వాడు పోయాడు' అని చెప్పే ఏర్పాటుంది. దాన్ని తప్పకుండా వాడు. కానీ నువ్వు పెట్టుకున్న పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ పంపేది క్యూఓఎస్ సున్నాలోనే. అంటే పంపి మరిచిపోవడమే. రిటెయిన్డ్ కబురుతో కూడా జాగ్రత్త. తొట్టి బోర్డు చచ్చి మూడు రోజులైనా, కొత్తగా చేరిన ఫోనుకు బ్రోకర్ ఆ పాత మట్టాన్నే తాజా వార్తలా అందిస్తుంది. ఏ పద్ధతి వాడినా స్క్రీన్ మీద అంకె పక్కన అది ఎంతసేపటి కిందటిదో కనబడాలి. ఆ చిన్న అక్షరాలే బావకు అసలు సమాచారం.

రూటర్ పేరు వచ్చింది కనుక ఒకటి. నీ స్టార్టర్ బోర్డు ఇంటి రూటర్‌కు కూడా కలుస్తోంది. అలా కలిస్తే దాని ఛానెల్ రూటర్ ఛానెలే. ఈ రోజు ఆరులో ఉందని తొట్టి బోర్డులో ఆరు అని రాసేశావు. కరెంటు పోయి వచ్చాక రూటర్ ఆటోలో పదకొండుకు మారితే, ఆ క్షణం నుంచి తొట్టి బోర్డు ఎంత అరిచినా వినేవాడుండడు. రూటర్‌లో ఛానెల్ కదలకుండా బిగించు. రసీదులు వరుసగా రాకపోతే తొట్టి బోర్డు ఛానెళ్ళన్నీ వెతుక్కునేలా కూడా రాయి. ఇంకా, వైఫై కలిసేదాకా అక్కడే గిరగిర తిరిగే వైల్ లూపు ఒకటి రాశావు. ప్రతి యూట్యూబ్ పాఠంలో ఉండేదే అది. కరెంటు వచ్చాక బోర్డు క్షణంలో లేస్తుంది, రూటర్‌కు నిమిషమో రెండో కావాలి. రూటర్ కాలిపోతే ఇక ఎప్పటికీ లేవదు. అంతసేపూ నీ బోర్డు ఆ లూపులోనే, మోటారు దేవుడి మీద భారం. కలవకపోయినా మిగతా పని నడవాలి.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో కేంద్రం లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. అందుకే నువ్వు ఎవరినీ అడగకుండా రేడియో పెట్టుకుంటున్నావు. పక్కవాడికీ అదే హక్కు. నీ కబురుకు దారి ఇవ్వమని అడిగే హక్కు మాత్రం నీకు లేదు. మన చిట్యాలలో 65వ నెంబరు హైవే పక్కన హోటళ్ళ రూటర్లు ఎన్ని కనబడతాయో ఫోన్లో చూడు. తోటలో ఆ గోల తక్కువ, అక్కడి శత్రువులు వేరే. నీళ్ళు నిండిన తొట్టి, వానకు తడిసిన బత్తాయి ఆకు, ఇనుప స్టార్టర్ డబ్బా. ఇనుప డబ్బాలో బోర్డు పెట్టి తలుపు మూశావంటే కబురును నువ్వే పాతిపెట్టినట్టు. యాంటెన్నా బయటికి తీసే వీలున్న 32యూ రకం మాడ్యూల్ కొను. చెట్ల తలల మీదుగా రెండు యాంటెన్నాలు ఒకదాన్నొకటి చూసుకోవాలి. నన్నడిగితే, తొట్టికీ స్టార్టర్‌కూ మధ్య రెండొందల మీటర్లే కనుక ఆర్‌ఎస్-485 తీగ వేయగలిగితే అదే మేలు, 1200 మీటర్ల దాకా పోతుంది. నాగలికి తెగుతుంది, ఎలుకలు కొరుకుతాయి, పిడుగును ఇంట్లోకి తెస్తుంది, అవీ నిజమే. టెలిఫోన్లవాడు తీగకే ఓటేస్తాడని నవ్వుకో.

బోర్డు పంపేటప్పుడు రెండొందల మిల్లీఆంపియర్లు దాటి గుంజుతుంది. సన్న యూఎస్‌బీ కేబులు, చవక చార్జర్ అయితే సరిగ్గా పంపబోయే క్షణంలోనే రీస్టార్ట్ అవుతుంది. వైఫై బాగాలేదనుకుంటావు, బాగాలేనిది కరెంటు. సరఫరా పిన్నుల దగ్గర మంచి కెపాసిటర్ వేయి. నేల తేమ సెన్సర్‌ను 25వ పిన్నుకు పెట్టావు. అది ఏడీసీ2 పిన్ను, వైఫై నడుస్తుంటే ఈఎస్‌పీ32లో దాన్ని చదవలేవు. 32 నుంచి 39 దాకా ఉన్నవాటిలో ఒకదానికి మార్చు. మిల్లీస్ లెక్క 49 రోజుల పైచిలుకుకు తిరిగి సున్నా అవుతుంది. ఎప్పుడూ ఇప్పటిలోంచి అప్పటిని తీసేసి పోల్చు, అప్పటికి గడువు కలిపి పోల్చకు. తాళం సంగతి ఒక్క ముక్క: ఎవరి బోర్డో వచ్చి మట్టం చెబితే నమ్మకుండా, రెండు బోర్డులకూ ఈఎస్‌పీ-నౌ రహస్య కీ పెట్టు.

ఇవన్నీ చేశాక కూడా మోటారుకు కలపొద్దు. రిలేకు ఒక బల్బు కట్టి, తోటలో వారం రోజులు వదిలెయ్. ఐదు సెకన్లకోసారి అంటే రోజుకు 17,280 కబుర్లు. వరుస సంఖ్యల్లో ఖాళీలన్నీ రాసిపెట్టుకో. 99 శాతం వచ్చాయని గంతులేయకు. మిగిలిన ఒక్క శాతం రోజుకు 170కి పైనే. అవి అక్కడొకటి ఇక్కడొకటి తప్పితే ఏమీ కాదు. ఒక్క ముద్దగా తప్పితే పధ్నాలుగు నిమిషాల మౌనం. కాబట్టి శాతం కాదు, అతి పెద్ద ఖాళీ ఎంతసేపో చూడు, అది ఏ వేళకు వచ్చిందో చూడు. ఆ వారంలో రూటర్ ప్లగ్గు పీకు, తొట్టి బోర్డుకు కరెంటు తీసెయ్, సెన్సర్ వైరు ఊడదీయి, యాంటెన్నా మీద తడి గోనెసంచి కప్పు. ప్రతిసారీ బల్బు నువ్వు అనుకున్నట్టే ఆరిందా లేదా రాసుకో. ఆరకపోతే బిగించే ముచ్చటే లేదు, సెలవులు అయిపోయినా సరే.

చివరగా బావ కోసం రెండు పనులు. స్టార్టర్ డబ్బా బయట ఆటో, మాన్యువల్ అని ఒక స్విచ్చు పెట్టు. మాన్యువల్‌లో నీ బోర్డు మధ్యలో ఉండనే కూడదు. దాన్ని ఊడదీసి అటక మీద పడేసినా, పచ్చ బొత్తాం నొక్కితే మోటారు ఎప్పటిలాగే తిరగాలి. నువ్వు హైదరాబాద్‌లో పరీక్ష రాస్తుంటే తోటలో ఉండేది ఆయనే. రెండోది, డబ్బా తలుపు లోపలివైపు అంటించడానికి తెలుగులో ఒక కాగితం రాయి. ఏ లైటు వెలిగితే ఏమిటర్థం, ఎర్ర లైటు ఆరకపోతే ఏ స్విచ్చు ఎటు తిప్పాలి, ఏ వైరు ముట్టుకోకూడదు. పెద్ద అక్షరాలతో, అర పేజీ చాలు. ఆ కాగితం ముందు రాసి నాకు వాట్సాప్‌లో పంపు, బోర్డు సంగతి ఆ తర్వాత చూద్దాం.